పాఠకుల ప్రశ్నలు, జవాబులు: అన్ని శాఖల్లోనూ సుస్థిరత పాఠం

సుస్థిరతకు సంబంధించిన అవగాహనను ఒక్క పర్యావరణ విద్య పేపరుకే వదిలిపెట్టకుండా డిగ్రీ, పీజీ స్థాయిలో ప్రతి సబ్జెక్టులోనూ భాగం చేయాలని గత సంచికలో ఈ శీర్షిక కింద రాశాము. దానిపై నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి అధ్యాపకులు, విద్యార్థులు, తల్లిదండ్రులు ఉత్తరాలు పంపారు. ఒకే సందేహాన్ని పలువురు అడిగినచోట ఒక ఉత్తరాన్నే తీసుకున్నాము. కొందరు పేర్లు వద్దన్నందువల్ల అందరినీ ఊరి పేర్లతోనే ప్రస్తావిస్తున్నాము.

ప్రశ్న: మా కళాశాలలో డిగ్రీ విద్యార్థులందరికీ పర్యావరణ విద్య పేపరు తప్పనిసరిగా ఉన్నది. దానిని చెప్పడానికి అధ్యాపకుడూ ఉన్నారు. అలాంటప్పుడు ఆర్థికశాస్త్రం, తెలుగు, గణితం చెప్పేవాళ్లం కూడా అదే విషయాన్ని ఎత్తుకోవడం ఎందుకు? (అధ్యాపకుడు, కావలి)

జవాబు: ఆ పేపరు ఊరికే వచ్చింది కాదు. పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో 1991 నవంబరు 22న సుప్రీంకోర్టు పర్యావరణ విద్యను విద్యాసంస్థల్లో తప్పనిసరి చేయాలని చెప్పింది. ఆ మాట అమలు కావడం లేదని తేలడంతో 2003లో మళ్లీ ఆదేశించవలసి వచ్చింది. ఆ తరువాతే విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) తయారు చేయించిన ఆరు నెలల కోర్సు డిగ్రీ కళాశాలల్లోకి వచ్చింది. 2023లో యూజీసీ కొత్త మార్గదర్శకాలు కూడా ఇచ్చింది. కనుక ఆ పేపరును తక్కువ చేసి మాట్లాడవలసిన పని లేదు.

అయితే ఆ పేపరు ఒక్కటే ఉన్నప్పుడు జరిగేది మీరూ చూస్తూనే ఉంటారు. ఉదయం తరగతిలో భూగర్భజలాలు తరిగిపోవడం గురించి చదివిన విద్యార్థి, మధ్యాహ్నం కామర్స్ తరగతిలో నీటికి ఖరీదు కట్టని వ్యాపార లెక్క వేస్తాడు. ఎకనమిక్స్ తరగతిలో అడవి నరికి కలప అమ్మితే జాతీయాదాయం పెరిగినట్లుగానే నేర్చుకుంటాడు. ఒక పాఠం చెప్పినదాన్ని మిగిలిన పాఠాలన్నీ కలిసి రద్దు చేస్తుంటే, విద్యార్థి మార్కులు ఎక్కువగా ఉన్న వైపుకే మొగ్గుతాడు. అందులో అతని తప్పేమీ లేదు. 1977లో టిబిలిసిలో యునెస్కో జరిపిన అంతర్ ప్రభుత్వ సదస్సు కూడా పర్యావరణ విద్య అన్ని శాస్త్రాలనూ కలుపుకొని సాగాలనే చెప్పింది. బ్రంట్‌లాండ్ కమిషన్ ఐక్యరాజ్యసమితి తరఫున సుస్థిరాభివృద్ధికి 1987లో ఇచ్చిన నిర్వచనం అందరికీ తెలిసినదే: రేపటి తరాలు తమ అవసరాలు తీర్చుకునే శక్తికి లోటు రాకుండా నేటి అవసరాలు తీర్చుకోవడం. ఈ నిర్వచనాన్ని కంఠస్థం చేయించడానికి ఒక పీరియడు చాలు. కానీ ఒక అవసరం వల్ల మరొక అవసరానికి లోటు వస్తున్నదో లేదో తేల్చడానికి లెక్క కావాలి, చట్టం కావాలి, రసాయనశాస్త్రం కావాలి, చరిత్ర కావాలి. అవి మీ అందరి దగ్గరా ఉన్నాయి. పర్యావరణ విద్య చెప్పే ఒక్క అధ్యాపకుడి దగ్గర లేవు.

ప్రశ్న: నేను బి.కాం. విద్యార్థులకు కాస్ట్ అకౌంటింగ్ చెబుతాను. మీరు చెప్పినది సూత్రంగా బాగానే ఉన్నది కానీ, నా తరగతిలో దానిని ఎక్కడ పెట్టాలో అర్థం కావడం లేదు. మా పిల్లల్లో చాలామంది రొయ్యల సాగు చేసే కుటుంబాల నుంచి వస్తారు. (అధ్యాపకురాలు, నెల్లూరు)

జవాబు: అమ్మా, మీ తరగతిలో పెట్టడానికి ఇంతకంటే మంచి పాఠం వేరే ఊళ్లో దొరకదు. రొయ్యల గుంట మీదనే కాస్ట్ షీటు వేయించండి. సీడు, మేత, కరెంటు, నీటిలో గాలి కలిపే ఏరియేటర్లకు డీజిలు, మందులు, లీజు, కూలి అన్నీ విద్యార్థులే ఇంటి నుంచి తెచ్చి రాస్తారు. కౌంటును (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కను) బట్టి ధర ఎలా మారుతుందో మీకంటే వాళ్లకే బాగా తెలిసి ఉండవచ్చు. ఆ లెక్క పూర్తయి లాభమో నష్టమో తేలిన తరువాత, ఆ షీటులో కనిపించని ఖర్చులేమిటని అడగండి.

మేత సంగతే చూద్దాము. కిలో వనామీ రొయ్యకు సుమారు కిలోన్నర మేత పడుతుందనుకుంటే, ఆ మేతలోని నత్రజనిలో పావు వంతుకు అటూఇటూగా మాత్రమే రొయ్య ఒంటికి పడుతుంది. మిగిలినది గుంట అడుగున బురదలోనో, వదిలిపెట్టిన నీళ్లలోనో ఉంటుంది. ఆ నీళ్లు కాలువలోకి వెళ్తే, అదే కాలువ నుంచి నీళ్లు తోడుకునే కింది రైతు గుంటకు రోగం వచ్చినప్పుడు అది అతని ఖాతాలో నష్టంగా కనిపిస్తుంది, పైవాడి ఖాతాలో మాత్రం ఎక్కడా కనిపించదు. ఉప్పునీరు ఊరి పక్కనున్న వరి చేనిలోకి ఊరినా, తాగునీటి బావి చవిటెక్కినా ఇదే జరుగుతుంది. ఒకరి కాస్ట్ షీటులో చేరని ఖర్చు మరొకరి ఇంట్లో తప్పకుండా చేరుతుందన్న సంగతిని నల్లబల్ల మీద అంకెలతో చూపగలిగేది కామర్స్ అధ్యాపకులే.

ఈ లెక్క తరగతి గదిలో పుట్టిన ఊహ కాదని చెప్పడానికి చరిత్ర కూడా ఉన్నది. 1990ల మొదట్లో మన తీరమంతా టైగర్ రొయ్య సాగు ఎంత వేగంగా వ్యాపించిందో, 1994, 1995 ప్రాంతంలో రొయ్యలకు సోకిన తెల్లమచ్చ వైరసు ఎంతమంది రైతులను కూల్చిందో ఇంట్లో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. తమిళనాడుకు చెందిన గాంధేయవాది ఎస్. జగన్నాథన్ వేసిన వ్యాజ్యంలో, రొయ్యల అమ్మకంతో వచ్చిన రాబడి కంటే పర్యావరణానికీ ప్రజలకూ జరిగిన నష్టమే ఎక్కువని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) లెక్కకట్టి సుప్రీంకోర్టు ముందు పెట్టింది. 1996 డిసెంబరు 11న వచ్చిన తీర్పు, సంప్రదాయ పద్ధతిలో సాగే గుంటలను మినహాయించి, తీరప్రాంత నియంత్రణ పరిధి (సీఆర్‌జెడ్)లోని రొయ్యల గుంటలను తొలగించాలనీ, పులికాట్, చిలికా సరస్సుల చుట్టూ 1,000 మీటర్ల లోపల సాగు ఉండరాదనీ చెప్పింది. ఉపాధి పోయే కార్మికులకు పరిహారం కూడా విధించింది. తరువాత 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసి రిజిస్ట్రేషన్ పద్ధతి తెచ్చింది. ఆ తరువాతనే వనామీ వచ్చింది. నీరీ లెక్క సరైనదేనా, అందులో రైతుల పక్షం ఎంతవరకు చేరింది, ఉపాధికి విలువ ఎలా కట్టారు అని మీ విద్యార్థులు ప్రశ్నించాలి. ఆ ప్రశ్నలు వేయడమే పాఠం. లా కళాశాలలో అయితే ఇదే తీర్పును, అదే ఏడాది ఆగస్టులో వచ్చిన వెల్లూరు పౌరుల సంక్షేమ వేదిక కేసును పక్కపక్కన పెట్టి, కాలుష్యం చేసినవారే మూల్యం చెల్లించాలన్న సూత్రం మన చట్టంలోకి ఎలా వచ్చిందో చెప్పవచ్చు.

ఇంకొక మాట కూడా మీ విద్యార్థులకు చెప్పండి. స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదైన కంపెనీల్లో మార్కెట్ విలువ ప్రకారం మొదటి 1,000 కంపెనీలు తమ నీటి వాడకం, ఇంధనం, వ్యర్థాలు, కార్మికుల భద్రత వంటి వివరాలతో ప్రత్యేక నివేదిక ఇవ్వాలని స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2022–23 నుంచి తప్పనిసరి చేసింది. ఆ నివేదికల అంకెలను పట్టికల్లో పెట్టేవారు, తనిఖీ చేసేవారు కామర్స్ చదివినవారే కావాలి.

ప్రశ్న: నేను తెలుగు చెబుతాను, మా ఆవిడ చరిత్ర చెబుతుంది. శాస్త్ర విషయాలు మాకు తెలియవు. చెట్లు నాటాలని వ్యాసం రాయించడం మినహా మేము చేయగలిగినది ఏమున్నది? (అధ్యాపకుడు, కనిగిరి)

జవాబు: అయ్యా, చెట్ల మీద వ్యాసం రాయించే పని దయచేసి మానుకోండి. విద్యార్థి ఆ వ్యాసాన్ని ఆరో తరగతి నుంచి రాస్తూనే ఉన్నాడు. అందులో కొత్తగా ఆలోచించవలసిన వాక్యం ఒక్కటి కూడా మిగలలేదు. మీ చేతిలో ఇంతకంటే ఎంతో బలమైన సరుకు ఉన్నది.

గొల్లసుద్దుల్లో నేటికీ వినిపించే కాటమరాజు కథ మీ ప్రాంతపు కథే. వానలు లేక, మేత లేక ఆలమందలను దక్షిణానికి తోలుకువచ్చిన కాటమరాజుకూ, నెల్లూరు పాలకుడైన నల్లసిద్ధికీ మధ్య పుల్లరి (పశువుల మేతకు కట్టే పన్ను) దగ్గర వచ్చిన తగవు యుద్ధంగా మారింది. ఆ పాలకుణ్ణే మనుమసిద్ధిగా చరిత్ర చెబుతుంది. ఆ పోరులో నెల్లూరు పక్షాన పోరాడి ప్రాణాలు విడిచిన ఖడ్గతిక్కన, మహాభారతాన్ని తెలుగు చేసిన తిక్కన సోమయాజికి దాయాది. ఇంతకాలం ఈ కథను వీరత్వం కోసం చదువుతూ వచ్చాము. వీరత్వాన్ని తీసివేయమని నేను అనను. దానితోపాటు పచ్చికబీడు ఎవరిది, కరువు వచ్చినప్పుడు ఒక ప్రాంతపు పశువులకు మరొక ప్రాంతపు గడ్డి మీద ఏ హక్కు ఉంటుంది, పుల్లరి ఎంత ఉంటే న్యాయం, ఆ ఒప్పందం ఎక్కడ తెగింది అని కూడా అడగండి. పొరుగు రాష్ట్రాల నీటి తగవులను, ఊరి పోరంబోకు భూముల ఆక్రమణలను ఆ ప్రశ్నల వెలుగులో చూసిన విద్యార్థికి, ఉమ్మడి వనరుల గురించి ఏ పాఠ్యపుస్తకమూ అంత బాగా చెప్పలేదని తెలుస్తుంది.

మీ ఆవిడగారికి శాసనాలు ఉన్నాయి. వెలిగొండలకు ఆవల, కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఒకటి ఉన్నది. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువును కట్టించినప్పుడు వేయించినది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలనూ, ఉండకూడని ఆరు దోషాలనూ అది వివరిస్తుంది. గట్టు నుంచి నీరు ఊరడం, నేల చవిటిది కావడం, చెరువు నడుమ మెరక ఉండడం దోషాలని చెప్పడం సహజమే. అంతటితో ఆగక, రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండడం కూడా దోషమే అన్నది. నీరు కొంచెమై సాగునేల విస్తారంగా ఉండడం, నీరు ఎక్కువై సాగునేల తక్కువగా ఉండడం కూడా దోషాల్లోకే వస్తాయి. ఆ చివరి రెండింటినీ ఈనాటి ఆయకట్టు పట్టికల పక్కన పెట్టి, ఏ ప్రాజెక్టుకు ఎంత నీరు రాసి ఎంత నేలకు మాట ఇచ్చారో విద్యార్థులతో పోల్చి చూపించమనండి. సరిహద్దు దోషం గురించి చెప్పేటప్పుడు తెలుగుగంగను తలచుకోవచ్చు. కృష్ణా జలాల్లో మూడు రాష్ట్రాలు చెరి 5 టీఎంసీలు వదిలి, దారిలో పోయేది పోగా 12 టీఎంసీలు మద్రాసుకు చేరాలన్న ఒప్పందం సోమశిల, కండలేరు మీదుగానే నడుస్తున్నది. సరిహద్దు దాటే నీటిని ఎలా పంచుకోవాలో నేర్చుకోవడానికి అది మంచి ఉదాహరణ. మీకు మరింత దగ్గరగా కంభం చెరువు ఉన్నది. అది విజయనగర కాలపు కట్టడమే. దానిని అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ 2020లో వారసత్వ కట్టడంగా గుర్తించింది. చెరువు నిలవడానికి రాయి, మట్టి ఎంత కారణమో, పూడిక తీసే బాధ్యతను ఊళ్లు ఎలా పంచుకున్నాయన్నదీ అంతే కారణం. ఆ రెండో సంగతి రాయడం చరిత్ర విభాగం పని.

ఒంగోలు ఎద్దు కూడా చరిత్ర పాఠమే. మన తీరం నుంచి ఓడలెక్కి వెళ్లిన ఆ జాతికి బ్రెజిల్‌లో నెల్లూరు పేరే స్థిరపడింది. అక్కడి వాళ్లు దానిని నెలోరే అని పిలుస్తారు. బ్రెజిల్ మాంసపు మందల్లో అత్యధిక భాగం ఆ రక్తమే. అమెజాన్ అడవుల నరికివేతకు ప్రధాన కారణం పశువుల మేత కోసం బయళ్లు చేయడమేనన్నది అందరూ ఒప్పుకున్న విషయం. దుక్కికీ బండికీ పాలకూ మనవాళ్లు తీర్చిదిద్దుకున్న జాతి మరొక ఖండంలో మరొక అవసరానికి పనికివచ్చి, ఆ అవసరం ఒక అడవి మీద ఎలా పడిందో చెప్పగలిగే అధ్యాపకురాలికి శాస్త్రం తెలియదని ఎవరు అంటారు?

ప్రశ్న: స్టాటిస్టిక్స్, ఫిజిక్స్ వంటి సబ్జెక్టుల్లో విలువల గురించి చెప్పడం కుదరదు. సూత్రం సూత్రమే కదా? (అధ్యాపకురాలు, పొదిలి)

జవాబు: సూత్రం మారనక్కర లేదు. ఉదాహరణ మారితే చాలు.

మీరు పొదిలిలో ఉన్నారు కనుక ఫ్లోరైడుతోనే మొదలుపెడతాను. మన దేశంలో ఫ్లోరైడు వల్ల పళ్లు, ఎముకలు దెబ్బతినే ఫ్లోరోసిస్‌ను మొదట నమోదు చేసినది 1937లో, మీ వైపే, మీ ప్రాంతం ఇంకా నెల్లూరు జిల్లాలో ఉన్నప్పుడే. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపల ఉండాలని మన దేశ ప్రమాణం చెబుతుంది. వేరే నీరు దొరకనప్పుడు 1.5 వరకు అనుమతిస్తుంది. ఇప్పుడు ఒక మండలంలోని ఐదు బోర్లలో ఫ్లోరైడు 0.6, 0.8, 0.9, 1.1, 3.6 అని అనుకోండి. ఇవి నేను ఉదాహరణకు వేసిన అంకెలు. సగటు 1.4 వస్తుంది. నివేదికలో సగటు ఒక్కటే రాస్తే ఆ మండలం పరిమితి లోపలే ఉన్నట్లు. ఐదో బోరు నీళ్లు తాగే ఊరిలో మాత్రం పిల్లల పళ్లు గారపడతాయి, పెద్దవాళ్ల నడుములు వంగిపోతాయి. సగటు, మధ్యగతం, విస్తరణ అనే మూడు భావనలనూ ఈ ఐదు అంకెలతో చెప్పిన తరువాత, ఏ అంకెను నమ్మి ప్రభుత్వం డబ్బు ఖర్చు పెట్టాలని అడగండి. అక్కడ మీరు విలువల గురించి ఉపన్యాసం ఇవ్వనక్కర లేదు. ఏ కొలత ఎవరిని దాచిపెడుతుందో విద్యార్థికే కనిపిస్తుంది.

మీ కెమిస్ట్రీ సహోద్యోగి ఇదే చోటు నుంచి ముందుకు వెళ్లవచ్చు. గ్రానైటు రాతిలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడు నీటిలోకి వస్తుంది. నీటిలో కాల్షియం తక్కువగా, సోడియం, బైకార్బనేటు ఎక్కువగా ఉన్నచోట అది మరింత కరుగుతుంది. సున్నం, పటిక కలిపి ఫ్లోరైడును తొలగించే నల్గొండ పద్ధతి నీరీ రూపొందించినదే. ఆ తరువాత మిగిలే బురదను ఎక్కడ పారబోయాలి, ఆర్వో ప్లాంటు వదిలే చిక్కటి నీరు ఎక్కడికి పోతున్నది అన్నవి కూడా సమీకరణంలో భాగమే. చాలా పుస్తకాల్లో సమీకరణం శుద్ధమైన నీటి దగ్గరే ఆగిపోతుంది.

ఫిజిక్సుకు వస్తే, బోరు కింద రబీ వరి ఎకరాకు ఎంత కరెంటు పడుతుందో లెక్క వేయించండి. పంట మొత్తానికి 1,200 మిల్లీమీటర్ల నీరు కావాలనుకుంటే ఎకరాకు సుమారు 4,850 ఘనపు మీటర్లు అవుతుంది. 60 మీటర్ల లోతు నుంచి ఒక ఘనపు మీటరు నీరు పైకి తేవడానికి కావలసిన శక్తి 588 కిలోజౌళ్లు, అంటే యూనిట్లో ఆరో వంతు. మోటారు, పంపు కలిసి 40 శాతం సామర్థ్యంతో పనిచేస్తాయనుకుంటే అది 0.4 యూనిట్లు దాటుతుంది. ఎకరాకు మొత్తం సుమారు 2,000 యూనిట్లు. యూనిట్‌కు 650 గ్రాముల బొగ్గు చొప్పున చూస్తే 1,300 కిలోల బొగ్గు. ఎకరాకు మూడు పుట్లు పండితే, నెల్లూరు లెక్కన పుట్టికి 850 కిలోల చొప్పున, 2,550 కిలోల ధాన్యం వెనుక టన్నుకు పైగా బొగ్గు ఉన్నది. ఆ బొగ్గులో మూడో వంతుకు అటూఇటూగా బూడిదగా మిగులుతుంది. కృష్ణపట్నం దగ్గర బొగ్గుతో కరెంటు తీసే 800 మెగావాట్ల యూనిట్లు నడుస్తున్న జిల్లాలో ఆ బూడిద ఎలా ఉంటుందో ఎవరికీ వేరే చెప్పనక్కర లేదు. ఇదే లెక్కను 150 మీటర్ల లోతుకు, 60 శాతం సామర్థ్యానికి, వరికి బదులు మినుముకు మార్చి చేయమనండి. పెన్నా కాలువ కింద పొలానికి ఆ కరెంటు ఎందుకు పడదో కూడా వాళ్లే చెబుతారు. గురుత్వాకర్షణ శక్తి గురించి ఇంత బాగా గుర్తుండే పాఠం మరొకటి ఉంటుందని నేను అనుకోను.

ప్రశ్న: మా ఇంటిల్లిపాదీ గ్రానైటు మీదనే బతుకుతున్నాము. మా అబ్బాయి ఎం.బి.ఏ. చదువుతున్నాడు. ఇలాంటి పాఠాలు చెబితే పిల్లలు తల్లిదండ్రుల వృత్తిని చులకన చేయడం నేర్చుకోరా? పరిశ్రమ మూతపడితే మా ఊరికి అన్నం ఎవరు పెడతారు? (తండ్రి, చీమకుర్తి)

జవాబు: మీ భయం న్యాయమైనది. ఇలాంటి పాఠాన్ని సరిగా చెప్పకపోతే మీరు అన్నదే జరుగుతుంది కూడా. నగరంలో కూర్చుని, గనులన్నీ చెడ్డవి, ఆక్వా అంతా చెడ్డది, పొగాకు పండించేవాళ్లు తప్పు చేస్తున్నారు అని తీర్పు చెప్పి తరగతి ముగించే అధ్యాపకుడు విద్యార్థికి ఏమీ నేర్పలేదు. అతనిని ఇంటి నుంచి దూరం చేశాడు, అంతే. అటువంటి బోధనను ఈ శీర్షిక సమర్థించదు.

మీ అబ్బాయి తరగతిలో జరగవలసినది వేరు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు ప్రపంచమంతటా అమ్ముడుపోతుంది. నల్లని రాయిలో బంగారు చుక్కలు మెరిసే అటువంటి నిక్షేపం ఎక్కడపడితే అక్కడ దొరకదు. తిరిగి పుట్టని సంపద కనుకనే, ఒక్కొక్క దిమ్మె నుంచి ఎంత విలువ రాబడుతున్నాము, ముడి దిమ్మెగా ఓడ ఎక్కించడం మేలా, ఇక్కడే పాలిష్ పట్టి పలకలుగా అమ్మడం మేలా, పగిలిపోయిన రాయిని, కోతలో వచ్చే స్లర్రీని (రాతిపొడి కలిసిన బురదను) దేనికి వాడగలము అన్నవి మేనేజ్‌మెంట్ విద్యార్థి నోట రావలసిన ప్రశ్నలు. వీటికి మంచి జవాబు దొరికితే మీ ఊరికి రాయి మరి కొన్ని తరాలు అన్నం పెడుతుంది. డ్రిల్లింగ్ చేసేటప్పుడు నీరు చల్లితే దుమ్ము ఎంత తగ్గుతుంది, దానికి ఖర్చు ఎంత, చల్లకపోతే ఒక కూలీ ఊపిరితిత్తుల వైద్యానికి ఆ ఇల్లు పెట్టే ఖర్చు ఎంత అన్నది కూడా వ్యాపార లెక్కే. తవ్వి వదిలేసిన గుంతలు ఊరి భద్రతకు ఏమి చేస్తున్నాయో, వాటిలో నిలిచే నీటిని ఉపయోగించుకోగలమో లేదో సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థులు కొలవవచ్చు. 2015లో గనుల చట్టానికి చేసిన సవరణతో జిల్లా ఖనిజ ఫౌండేషన్లు ఏర్పడ్డాయి. గనుల ప్రభావం పడిన ఊళ్ల కోసం కేటాయించిన ఆ నిధులు మీ ఊరిలో దేనికి ఖర్చవుతున్నాయో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ విద్యార్థులు సమాచార హక్కు కింద అడిగి తెలుసుకోవచ్చు.

ఈ ప్రశ్నలన్నింటికీ జవాబులు మీ దగ్గర, మీ క్వారీలో ఇరవై ముప్పై ఏళ్లు పనిచేసినవాళ్ల దగ్గర ఉన్నాయి. మీ అబ్బాయి తన ప్రాజెక్టు కోసం మిమ్మల్నే కూర్చోబెట్టి అడగాలని నా కోరిక. పిల్లలు తండ్రి వృత్తిని చులకన చేసేది దాని గురించి ఏమీ తెలియనప్పుడే. దాని కష్టం, విలువ, దాని వల్ల ఇతరులకు పడుతున్న భారం మూడూ తెలిసినవాడు దానిని బాగుచేయాలనే చూస్తాడు. ఈ మాట పొగాకు రైతు కుటుంబాలకూ వర్తిస్తుంది. బ్యారన్‌లో ఆకును వేడితో ఆరబెట్టడానికి పుల్లలు ఎంత పడుతున్నాయి, ఆ కలప ఎక్కడి నుంచి వస్తున్నది, ఆకు ధర పడిపోయిన ఏడాది అదే నేలలో శనగ వేసినవాడికి ఏమి మిగిలింది అని లెక్క వేసే విద్యార్థి, తన తండ్రికి వేలం కేంద్రంలో తోడు నిలబడగలడు.

ప్రశ్న: సెమిస్టరుకు సిలబస్ పూర్తి చేయడమే గగనం. అధ్యాపకులకు ప్రత్యేక శిక్షణ కూడా లేదు. ఇది ఎలా సాధ్యం? (విభాగాధిపతి, కందుకూరు)

జవాబు: సిలబస్‌లో కొత్తగా ఒక్క యూనిట్ కూడా చేర్చవద్దనే నా సలహా. పైన రాసిన ఉదాహరణల్లో ప్రతి ఒక్కటీ ఇప్పటికే సిలబస్‌లో ఉన్న అంశం మీదనే నడిచింది. ఒక విభాగం ఏడాదికి రెండు పాఠాలను ఇలా మార్చుకుంటే మూడేళ్ల డిగ్రీ ముగిసేసరికి విద్యార్థి అన్ని సబ్జెక్టుల్లోనూ ఈ ఆలోచనకు అలవాటు పడతాడు. శిక్షణ సంగతి కూడా అంత పెద్దది కాదు. నెలకు ఒకసారి రెండు విభాగాల అధ్యాపకులు కూర్చుని, ఒకరి పాఠాన్ని మరొకరు విని, తన వైపు నుంచి ఒక ప్రశ్న వేస్తే చాలు. ఎకనమిక్స్ అధ్యాపకురాలు వేసిన ప్రశ్నకు బోటనీ అధ్యాపకుడు వెతికే జవాబే ఇద్దరికీ శిక్షణ. విద్యార్థులు చేయవలసిన సామాజిక సేవా ప్రాజెక్టు మన రాష్ట్ర డిగ్రీ చదువులో ఎలాగూ ఉన్నది. దానిని ఫొటోలతో నింపిన రికార్డుగా మిగల్చకుండా ఊరి బోర్ల లోతు, చెరువు పూడిక, కాలువ నీటి ఉప్పదనం కొలిచే పనిగా మార్చండి. ఒకే ఊరిని ఏటా కొలిస్తే ఐదేళ్లలో మీ కళాశాల దగ్గర మరెవరి దగ్గరా లేని లెక్క ఉంటుంది.

ప్రశ్న: ఇవన్నీ నేర్చుకుంటే నాకు ఉద్యోగం వస్తుందా? (బి.ఎస్సీ. విద్యార్థిని, కోవూరు)

జవాబు: అమ్మాయీ, ఇది నేర్చుకున్నందుకే ఉద్యోగం ఇస్తామని ఎవరూ ప్రకటన వేయరు. కానీ రొయ్యలు కొనే విదేశీ సంస్థలు యాంటీబయాటిక్ అవశేషాల పరీక్షలు, ఏ గుంటలో పెరిగిందన్న రుజువులు అడుగుతున్నాయి. ఎగుమతి యూనిట్లకు ఆ పరీక్షలు చేసేవాళ్లు, రికార్డులు నిలిపేవాళ్లు కావాలి. నీ కెమిస్ట్రీనో మైక్రోబయాలజీనో బాగా నేర్చుకో. పరీక్షలో వచ్చిన అంకె కింద సంతకం చేసేటప్పుడు ఆ అంకె ఎవరి ఆరోగ్యానికి సంబంధించినదో తెలిసి చేయడం వేరుగా ఉంటుంది. యాజమాన్యాలు కూడా ఆ తేడాను గమనిస్తాయి.

ప్రశ్న: మార్కులు లేకపోతే పిల్లలు చదవరు. పరీక్షలో దీనిని ఎలా అడగాలి? (అధ్యాపకుడు, ఒంగోలు)

జవాబు: ‘సుస్థిరాభివృద్ధి అనగానేమి?’ అని మాత్రం అడగవద్దు. దానికి గైడులో జవాబు ఉన్నది. ఇంటర్నల్ పరీక్షలో మీ సబ్జెక్టుకు చెందిన ఒక చిన్న లెక్కనో పత్రాన్నో ఇచ్చి, విద్యార్థిని మూడు విషయాలు రాయమనండి: ఇందులో చేర్చని ఖర్చు ఏది, అది ఎవరి మీద పడుతున్నది, ఆ సంగతి తేల్చడానికి ఇంకా ఏ సమాచారం కావాలి. మూడోదానికి ఎక్కువ మార్కులు ఉంచండి, ఎందుకంటే తనకు ఏమి తెలియదో స్పష్టంగా చెప్పగలిగిన విద్యార్థికి మొదటి రెండింటి మీద పట్టు వచ్చినట్లే. ఉదాహరణకు రొయ్యల గుంటను సమర్థిస్తూ రాసినవాడికీ, వ్యతిరేకిస్తూ రాసినవాడికీ వాదనను బట్టే మార్కులు వేయాలి. అధ్యాపకుడి అభిప్రాయంతో కలిసిందన్న కారణంతో ఒక్క మార్కు కూడా ఎక్కువ వేయకూడదు. ఈ నియమాన్ని పరీక్షకు ముందే తరగతిలో చెప్పండి. నోటీసు బోర్డులో రాసి పెడితే మరింత మంచిది.